ఇల్లు వదిలినా పేరు వదల్లేదు

గుణుపురం: గుణుపురం నుంచి నౌపడ వెళ్లే రైలు పర్లాకిమిడి మీదుగానే పోతుంది. ఆ పర్లాకిమిడి తాలూకాలోని మదనాపురంలో 1803 సెప్టెంబరు 5న పుట్టిన ఓ బ్రాహ్మణ కుర్రాడు కట్టిన పాటలు ఇవాళ్టికీ తెలుగు చర్చీల్లో ఆదివారం వినిపిస్తున్నాయి. ఆయనే పురుషోత్తమ చౌదరి. పాట తెలిసినంతగా మనిషి చాలామందికి తెలీదు. ఆయన పోగొట్టుకున్నదేంటో తెలిస్తే ఆ పాటల్లో అంత ఆర్తి ఎక్కడిదో అర్థమవుతుంది.

తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. చుట్టూ ఒడియా, తెలుగు. పైన సంస్కృతం. ఇంట్లో ఒక భాష, సంతలో ఇంకొకటి, చదువుకి మూడోది... సరిహద్దువాళ్లకి ఇందులో వింతేం లేదు. యువకుడిగా ఉండగానే ముక్తి ఎలాగన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. పూజలూ, శాస్త్రాలూ చూశాక కూడా వదల్లేదు. ఆ రోజుల్లోనే ఓ క్రైస్తవ కరపత్రం చేతికందింది. అది చివరికి ఆయన్ని కటక్ దాకా నడిపించింది. 1833లో అక్కడ బాప్తిస్మం తీసుకున్నారు. కటక్‌లో జనరల్ బాప్టిస్టు మిషన్ పెట్టింది 1822లో. గంగాధర్ సారంగి అనే ఒడియా బ్రాహ్మణుడు 1828లోనే ఆ దారి తొక్కారు. కాబట్టి చౌదరి మొట్టమొదటివాడు కాదు. అయినా ఆ దారిలో నడిచినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే.

కాలం కూడా కలిసి రాలేదు. పర్లాకిమిడి జమీందారీలో అల్లర్లు రేగాయి. వాటిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం 1832లో జార్జి రస్సెల్‌ను స్పెషల్ కమిషనరుగా పంపింది. దక్షిణాన గుంటూరు ప్రాంతాన్ని డొక్కల కరువు తినేస్తోంది. అలాంటి రోజుల్లో మనిషికి దిక్కు బంధువులూ, కులమే. చౌదరి ఆ రెండూ పోగొట్టుకున్నారు.

బాప్తిస్మం రోజు గురించి చెప్పుకునేవాళ్లు ఎక్కువ. కానీ అసలు కథ మర్నాటి నుంచే. కులం తప్పినవాడికి విస్తరి వేసేవాళ్లుండరు, మంచినీళ్లిచ్చేవాళ్లుండరు. ఆస్తి సంగతి ఇంకా కష్టం. మతం మారినవాడి వారసత్వ హక్కు పోకూడదని కంపెనీ ప్రభుత్వం దేశమంతటికీ చట్టం చేసింది 1850లో. అంటే ఈయన మారిన 17 ఏళ్లకి! అన్నిటికంటే గట్టి దెబ్బ ఇంట్లోనే తగిలింది. భార్య రాధామణి మొదట్లో భర్త దారిని ఒప్పుకోలేదు. కొంతకాలానికి ఆమె తనంతట తానే వచ్చి ఆ విశ్వాసంలో కలిశారు. దీన్ని చౌదరి వాదనాపటిమ ఖాతాలో వేసేస్తుంటారు కొందరు. ఆ రోజుల్లో ఓ ఆడమనిషి పుట్టిల్లూ, కులమూ రెండూ వదులుకుని గడప దాటడమంటే మాటలా? ఆమె తెగింపు ఆమెదే.

ఆ తర్వాత శ్రీకాకుళం, విశాఖపట్నం, బరంపురం వైపు దశాబ్దాల తరబడి బోధకుడిగా తిరిగారు. పుస్తకాలు రాశారు. ‘కులాచార పరీక్ష’ లాంటి వాటిలో పట్టు ఎక్కువ, ఎదుటివాణ్ణి నిలదీసే పండితుడు కనిపిస్తాడు. పాటల దగ్గరికొచ్చేసరికి ఎదుటివాడు మాయం. నిలదీసేది తననే. గెలిచానన్న ధీమా తక్కువ, శరణన్న మొర ఎక్కువ. కటక్‌లో దొరికిన నమ్మకం ఒక్కరోజులో ముదరలేదు, ఇంటాబయటా పడిన దెబ్బలకే ముదిరింది. వాదించి నెగ్గిన మనిషి ఇలా ఏడవలేడు. ఆ వాద గ్రంథాలు ఇప్పుడు చదివేవాళ్లు అరుదు, పాటలు మాత్రం నోటికి వచ్చినవాళ్లు ఊరూరా ఉన్నారు.

ఇంకో సంగతి. మతం మారినా ఆయన పేరు మార్చుకోలేదు. పురుషోత్తముడంటే సాక్షాత్తూ పూరీ జగన్నాథుడు. తల్లి పేరు సుభద్ర. తండ్రిది శ్రీకూర్మం స్వామి పేరు. అమ్మానాన్నలిచ్చిన ఆ పేరుతోనే క్రీస్తును పాడారు. ఇంగ్లీషు బాణీలు అరువు తెచ్చుకోలేదు. గుడిలో, భజనలో చెవినపడ్డ కీర్తన పద్ధతినే, రాగతాళాలతో సహా తీసుకున్నారు. ఇల్లు ఆయన్ని వదిలేసినా ఆయన మాత్రం ఇంటి సొత్తును వదల్లేదన్నమాట.

1866 కరువు గంజాం, ఒడిశాలను ఊడ్చిపెట్టే నాటికి ఆయనకి అరవై దాటాయి. 1890 ఆగస్టు 24న, 87వ ఏట కన్నుమూశారు. పదేళ్లకి, 1900లో పర్లాకిమిడికి చిన్న రైలొచ్చింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి పట్నం అటు వెళ్లింది. విశాఖ జిల్లాలో ఉండే గుణుపురమూ అటే. శ్రీకాకుళం ఇటు ఉండిపోయింది. పాటలు రెండు పక్కలా మిగిలాయి.

ఆయన కట్టినవి వందకు పైనే. వాటిలో చాలా భాగం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో ఉన్నాయి. ఒక్కో పాటకీ రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. పాడేవాళ్లలో చాలామంది అవి చూడరు. పెద్దవాళ్లు ఎత్తుకున్న వరసలోనే అందుకుంటారు.