బాలభటుల గురువులను తీర్చిన బేడెన్ పావెల్

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, సంచికకై ఒక ప్రసిద్ధపురుషుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రజతోత్సవ చిహ్నముగా గ్రామమున బాలభటుల దళము నొకదానిని, అనగా స్కౌటు దళమును, నెలకొల్పవలెనని మొన్నటి సభలో తీర్మానము జరిగినది గదా. ఆ యుద్యమమునకు మూలపురుషుడైన బేడెన్ పావెల్ చరిత్రయే యీ తరుణమున ఉచితమని నాకు తోచినది. ఆయన ఆంగ్లేయుడు, సైనికుడు, మనలను పాలించిన సామ్రాజ్యమునకు నమ్మిన సేవకుడు. ఆయన గుణములతోపాటు లోపములను గూడ చెప్పెదను. జమ వ్రాసి ఖర్చు వ్రాయకుండుట లెక్కలవాని ధర్మము కాదు.

ఈ చరిత్రపై నాకు ఆసక్తి కలుగుటకు వేరొక కారణము గలదు. ముప్పదియేండ్ల క్రిందట నేనును, నా మిత్రుడొకడును మా వీధి బాలురను పదునలుగురిని వెంటబెట్టుకొని వాగుగట్టున రెండురాత్రులు బస చేసితిమి. ఉత్సాహము మెండుగా నుండెను. తెలిసినది మాత్రము శూన్యము. రెండవనాటి ఉదయమున ఎవరు స్నానమునకు దిగిరో, ఎవరు గట్టున నున్నారో లెక్క చూచువాడు లేకపోయెను. ఒక బాలుడు సుడిలో చిక్కెను. ఆవలిగట్టున మేకలు కాయుచుండిన వృద్ధుడు దూకి, జుట్టుపట్టి యీడ్చి వానిని బ్రతికించెను. ఊరిలో నన్నెవరును నిందింపలేదు. ఆ బాలుని తల్లి నాకు మజ్జిగ యిచ్చి పంపెను. ఆ మజ్జిగ నేటికిని నా గొంతు దిగలేదు. పిల్లలను ప్రేమించుట వేరు, పిల్లలను నడపుట నేర్చుట వేరు అని నాకు నాడు బోధపడినది. ఈ సంగతి బేడెన్ పావెల్‌కు బోధపడిన విధమే యీ వ్యాసమునకు ముఖ్యవిషయము.

ఆయన 1857వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున రేఖాగణితాచార్యుడు. బాలునకు మూడేండ్ల ప్రాయమున ఆయన గతించెను. తల్లి హెన్రియెటా గ్రేసు పెద్దకుటుంబమును ఒంటిచేత నీదుకొని వచ్చెను. చార్టర్‌హౌస్ పాఠశాలలో చదువునాడు ఈ బాలుడు బడివెనుక తోపులో దూరి, కుందేళ్ళను పట్టి, పొగ కనబడకుండ వంటచేసికొని తినుచు, ఉపాధ్యాయుల కంటబడక తప్పించుకొనుచుండెడివాడు. ఆక్సుఫర్డు ప్రవేశము లభింపలేదు. సైన్యపరీక్షలో మాత్రము అశ్వికదళమునకు రెండవవాడుగా నెగ్గి, 1876లో లక్నో చేరి, 13వ హుస్సారుల దళమున ఉద్యోగియయ్యెను. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లు.

భారతదేశమునను ఆఫ్రికాలోను గడచిన సైనికజీవితమును విస్తరింపను. ఒక్క విషయము మాత్రము చెప్పక తప్పదు. 1897లో ఆయన భారతదేశమున నున్న 5వ డ్రాగన్ గార్డు దళమునకు అధిపతిగా వచ్చెను. నూర్లకొలది భటులను వరుసగా నిలబెట్టి ఆజ్ఞలిచ్చుట వలన వారికి స్వయంబుద్ధి అలవడదని గ్రహించి, వారిని చిన్నచిన్న జట్లుగా విభజించి, జాడలు పట్టుట, దిక్కులు కనుగొనుట, కంటితో చూచినదానిని మనసుతో విప్పుకొనుట నేర్పించెను. నేర్చినవారికి ఒక గుర్తుబిళ్ళ నిచ్చెడివాడు. ఆ పాఠములే 1899లో స్కౌటింగునకు సాయము అను అర్థము గల పేరుతో చిన్నపుస్తకముగా వెలువడెను. చిన్న జట్టు, దానికొక నాయకుడు, చేతిపనివలన విద్య, నేర్చినదానికి చిహ్నము — పిమ్మట వచ్చిన ఉద్యమమునకంతకును ఈ నాలుగును పునాదిరాళ్ళు. వానిలో మొదటిరాయి మన దేశపు మట్టిలో పడినదని చెప్పుటలో అతిశయోక్తి లేదు.

1899 అక్టోబరులో దక్షిణాఫ్రికాలో బోయరులతో యుద్ధము వచ్చెను. మాఫెకింగ్ అను చిన్నపట్టణమును బేడెన్ పావెల్ 217 దినములు శత్రువులకు చిక్కకుండ కాపాడెను. 1900 మే 17వ తేదీన ముట్టడి తొలగినప్పుడు ఇంగ్లండంతయు వీథులలోనికి వచ్చి కేకలు వేసెను. ముట్టడిలో తెల్లవారి బాలుర నొక దళముగా కూర్చి, ఉత్తరములు మోయించి, కావలి యుంచిరి. ఆ దళమును కూర్చినది ఆయన క్రింది అధికారియైన ఎడ్వర్డ్ సెసిల్ ప్రభువు. కీర్తి మాత్రము బేడెన్ పావెల్‌కు దక్కెను. ఇక ఖర్చుపద్దు: ఆ ముట్టడిలో నల్లజాతివారికి తెల్లవారితో సమముగా తిండి పెట్టలేదు. ఆకలిచే అనేకులు మరణించిరి. ఈ విషయమై చరిత్రకారులు ఆయనను తప్పుపట్టిరి, తప్పుపట్టుట న్యాయమే.

1903లో ఇంగ్లండునకు తిరిగివచ్చునప్పటికి ఒక వింత ఆయనకు ఎదురయ్యెను. సైనికులకై తాను వ్రాసిన పుస్తకమును పంతుళ్ళు, పంతులమ్మలు చదువుచుండిరి. ఆంబుల్‌సైడ్ అను నూర షార్లెట్ మేసన్ అను విదుషీమణి నడపుచుండిన ఉపాధ్యాయినుల శిక్షణాలయమున దానిని పాఠ్యగ్రంథముగా స్వీకరించిరి. బాలురకై మరియొక పుస్తకము వ్రాయవలెనను తలంపు క్రమముగా ఆయనలో బలపడెను.

తలంపును పరీక్షింపక పుస్తకము వ్రాయుట ఆయన స్వభావము కాదు. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణతీరమున బ్రౌన్‌సీ అను చిన్నదీవిలో ఇరువదిమంది బాలురతో బస చేసెను. వారిలో కొందరు గొప్ప పాఠశాలల విద్యార్థులు, కొందరు పనివాండ్ర బిడ్డలు. వారిని తోడేళ్ళు, ఎద్దులు, కాకోలములు, కర్ల్యూ పక్షులు అను పేళ్ళతో నాలుగు జట్లుగా విడదీసి, ఒక్కొక్క జట్టును ఒక బాలుని చేతిలో పెట్టెను. ఆఫ్రికానుండి తెచ్చిన కూడూ అను జింకకొమ్ము నూది వేకువనే వారిని లేపెడివాడు. ఈ కొమ్మును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ఇది మరల వచ్చును.

మరుసటియేడు, 1908 జనవరి మొదలుకొని, బాలుర స్కౌటింగు పుస్తకము పక్షమునకొకటి చొప్పున ఆరుభాగములుగా వెలువడెను. అప్పుడు జరిగినది ఆయనయు ఊహింపలేదు. ఉన్న బాలసంఘములకు ఇది అదనపు వినోదముగా నుండునని ఆయన అభిప్రాయము. బాలురు మాత్రము ఎవరి యనుమతియు లేకయే వీథివీథిని జట్లు కట్టుకొని, కఱ్ఱలు పట్టుకొని పొలములపై బడిరి. పిమ్మట, మాకొక పెద్దవాడు కావలెనని వెదకుచు, పాదిరీలను, పంతుళ్ళను, గుమాస్తాలను పట్టుకొనిరి. శిష్యులు ముందు పుట్టి గురువును వెదకుకొన్న ఉద్యమము లోకమున అరుదు. 1909 సెప్టెంబరులో లండనులోని స్ఫటికమందిరమున పదివేలకు మించి బాలురు గుమిగూడిరి. పిలువకయే బాలికలును వచ్చి నిలిచిరి. వారికై 1910లో గర్ల్ గైడ్సు సంఘము వెలసెను. ఆ యేడే బేడెన్ పావెల్ సైన్యమును విడిచెను. 1912లో ఓలేవ్ సోమ్స్ అను యువతిని వివాహమాడెను. బాలికల ఉద్యమమును పిమ్మట నడపినది ఆమెయే.

బాలురు దొరకిరి, పెద్దలు దొరకుటయే కష్టమయ్యెను. దొరకిన పెద్దలలో కొందరు మాజీసైనికులు. వారు పిల్లలచేత కవాతు చేయించి అదియే స్కౌటింగనుకొనిరి. కొందరు పంతుళ్ళు, వారు ఆరుబయటను గూడ నల్లబల్ల బిగించిరి. ఇతరులు నావంటివారు, ఉత్సాహమే పెట్టుబడిగా గలవారు. యుద్ధమునకు ముందే లండనులోను యార్కుషైరులోను స్కౌటుమాస్టర్లకు కొన్ని శిక్షణములు జరిగెను గాని స్థిరమైన యేర్పాటు కుదరలేదు. ఇంతలో 1914 వచ్చెను. యువకులైన స్కౌటుమాస్టర్లు వేలకొలది యుద్ధమునకు పోయిరి, పెక్కుమంది తిరిగిరాలేదు. అనేకచోట్ల పదునాలుగు, పదునైదేండ్ల జట్టునాయకులే దళములను నిలిపిరి. యుద్ధము ముగియునప్పటికి బాలురున్నారు, నడపువారు లేరు.

అట్టి సమయమున స్కాట్లండు వాసియగు మెక్లారెన్ అను స్కౌటు కమిషనరు ముందుకు వచ్చెను. లండను తూర్పువాడలలో ఇరుకున పెరుగు పేదబాలురకు బస చేయుటకు తావు లేదని ఆయన బాధపడెను. తావు కొనియిత్తునన్నప్పుడు, అదే చోట బాలుర నాయకులకు గూడ శిక్షణ జరుగవలెనని బేడెన్ పావెల్ అడిగెను. ఎప్పింగు అడవి యంచున గిల్వెల్ పార్కు అను పాడుబడిన తోటను, శిథిలగృహమును 7000 పౌనులిచ్చి మెక్లారెన్ కొనెను. బాగుచేయుటకు మరికొంత సొమ్మిచ్చెను. 1919 ఏప్రిలులో ఆ తోటను శుభ్రపరుప వచ్చిన యువకులు, నేల తడిసి డేరాలు వేయ వీలులేక, తోటమాలి కొట్టములో పండుకొనిరి. దానికి వారు పందులదొడ్డి అని పేరుపెట్టిరి. జూలై 26వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను.

సెప్టెంబరు 8వ తేదీన మొదటి శిక్షణము మొదలయ్యెను. బ్రౌన్‌సీలో బాలురను లేపిన కూడూకొమ్మే యిక్కడ మరల మ్రోగెను. వచ్చినవారు 19 మంది. యుద్ధమున గాయపడి వచ్చిన ఫ్రాన్సిస్ గిడ్నీ శిబిరాధిపతి. శిక్షణపద్ధతి యందే విశేషమున్నది. పెద్దలను కుర్చీలలో కూర్చుండబెట్టి ఉపన్యసింపలేదు. వారినే బాలుర వలె జట్లుగా విడదీసిరి. వారే డేరాలు వేసికొని, కట్టెలు కొట్టి, తమ కూడు తామే వండుకొనవలెను. పదవులును బిరుదములును గేటు వెలుపల దిగవిడువవలెను. ఒకనాడు నాయకుడుగా నున్నవాడు మరునాడు నీళ్ళు మోయును. మాడిన అన్నము తిన్నవానికి గాని బాలుని వంటను ఓర్పుతో చూచుట చేతగాదని ఆయన యెరుగును. ద్రోణుడు రాజకుమారులకు విలువిద్య నేర్పెను గాని ద్రోణులను తయారుచేయు విద్య మన పురాణములలో నాకెక్కడను కనబడలేదు. ఉన్నయెడల పండితులు మన్నింతురు గాక.

ఈ శిక్షణ త్వరలో మూడు అంగములుగా స్థిరపడెను. ఇంటినుండి ప్రశ్నలకు సమాధానములు వ్రాసి పంపుట ఒకటి. శిబిరమున నివసించి నేర్చుట రెండవది. స్వగ్రామమునకు మరలి, తన దళమును నెలలతరబడి నడపి నిరూపించుకొనుట మూడవది. ఈ మూడవదే నాకు మిక్కిలి నచ్చినది. శిబిరమున మెప్పు పొందినంత మాత్రమున చిహ్నము లభింపదు.

ఆ చిహ్నము వుడ్ బ్యాడ్జి అను రెండు కొయ్యపూసలు. కాగితపు యోగ్యతాపత్రములపై బేడెన్ పావెల్‌కు విశ్వాసము లేదు. ఆయనయొద్ద జూలూరాజైన దినూజులుదని చెప్పబడిన పొడవైన పూసలహార ముండెను. వేయికి మించిన పూసలని వాడుక. అందుండి రెండేసి తీసి తోలుత్రాటికి గ్రుచ్చి యిచ్చెను. పూసలు తరుగునని కనుగొని, ఒకటి అసలుపూస, ఒకటి శిష్యుడు తాను చెక్కుకొన్నది అనిరి. తుదకు అన్నియు నకళ్ళే యయ్యెను. ఆ హారము ఆయనకు 1888నాటి దండయాత్రలో దక్కినదందురు. దక్కిన విధమును గూర్చి చరిత్రకారులకు సందేహములు గలవు. ఎట్లు దక్కినను అది ఓడిన రాజు సొమ్ము. దానిని సేవాచిహ్నముగా మార్చుట వలన ఋణము తీరినదా? నాకు తీరినట్లు తోచదు.

1923లో గిడ్నీ తరువాత శిబిరాధిపతియైన జె. ఎస్. విల్సన్, కలకత్తాలో పోలీసు అధికారిగా నుండి అక్కడి స్కౌటులతో పనిచేసినవాడు. గిల్వెల్‌నుండి తర్ఫీదు పొందినవారు దేశదేశములకు పోయి అట్టి శిబిరములనే నెలకొల్పిరి.

మన దేశమున కథ వేరుగా నడచెను. 1909నుండి ఇక్కడ దళము లున్నను అవి తెల్లవారి బిడ్డలకే. మన బాలురను చేర్చుకొనుటకు దొరతనము సంశయించెను. అందువలన 1916లో మదరాసున అనీ బిసెంటు భారతీయ బాలుర స్కౌటుసంఘమును స్థాపించెను. ఉత్తరదేశమున మాలవ్యా, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయి సేవాసమితి స్కౌటులను నడపిరి. 1921లో బేడెన్ పావెల్ భారతదేశమునకు వచ్చి అనీ బిసెంటు సంఘమును తన సంఘముతో కలుపుకొనెను, సేవాసమితి కలువలేదు. 1937లో మరల వచ్చినప్పుడు భారతీయుల శీలమును కించపరచెనన్న ఆగ్రహము చెలరేగి, మరుసటియేడు హిందూస్థాన్ స్కౌటుసంఘము వేరుగా ఏర్పడెను. బాలురందరును సోదరులని నేర్పినవాడు, తాను మాత్రము పాలకుని కంటితో మనలను చూచెను. స్వాతంత్ర్యానంతరము, 1950 నవంబరు 7వ తేదీన, భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను ఏకసంఘము వెలసెను. దాని మొదటి జాతీయ జంబోరీ 1953 డిసెంబరులో హైదరాబాదున జరిగెను. నాయకులకు జాతీయ శిక్షణకేంద్రము మధ్యప్రదేశములోని పచ్‌మఢీలో కలదు. అక్కడి పూసలకు హిమాలయ వుడ్ బ్యాడ్జి అని పేరు. మన తీర్మానమును అమలుజరుపువారు, బాలుర పేళ్ళు వ్రాసికొనుటకు ముందుగా, ఊరినుండి ఇద్దరు పెద్దలను శిక్షణకు పంపుదురని నా మనవి. ప్రయాణపు ఖర్చు నేను లెక్కవేసి కార్యదర్శిగారికి ఇచ్చియుంటిని.

1929లో ఆంగ్లప్రభుత్వము బేడెన్ పావెల్‌కు ప్రభుపదవి నొసగెను. అట్టివారు ఏదేని యొక స్థలము పేరును తమ బిరుదునకు చేర్చుకొనుట అక్కడి ఆచారము. ఆయనకు లోకమున పేరుదెచ్చినది మాఫెకింగ్. ఆయన కోరుకొన్నది గిల్వెల్.

1938లో ఆయన భార్యతో కెన్యాదేశమునకు పోయి, న్యేరి అను నూర చిన్నయింట నివసించెను. 1941 జనవరి 8వ తేదీన, ఎనుబదిమూడేండ్ల వయసున, అక్కడనే కన్నుమూసెను. సమాధి కెన్యాపర్వతమునకు ఎదురుగా నున్నది. దానిపై ఒక వలయము, నడుమ ఒక చుక్క చెక్కబడినవి. అడవిదారిన ముందునడచు స్కౌటు, వెనుక వచ్చువారికై నేలపై గీయు గురుతులలో అది యొకటి. గీసినవాడు ఇంటికి పోయెనని దానికర్థము.