కొండసీమ కథకుడు హొసే మరియా దె పెరెదా

స్పెయిను దేశము పేరు వినగానే మనకు తోచేది మండుటెండ, ఎర్రని నేల, ఎద్దుల పోరాటము. కాని ఆ దేశపు ఉత్తరపు అంచున, సముద్రమునకును కొండలకును నడుమ, తరచు వానలు కురిసి పచ్చగా ఉండే సీమ ఒకటి కలదు. శాంతాందేర్ దాని రేవుపట్టణము. అక్కడివారు తమ సీమను మోంతాన్యా, అనగా కొండ, అని పిలుచుకొనేవారు. ఆవుల మందలు, మొక్కజొన్న చేలు, చేపల పడవలు, రాతి ఇండ్లు, ఊరి నడుమ దేవాలయము, ఇదే అక్కడి బ్రతుకు. ఈ బ్రతుకును నవలలలో నిలిపిన హొసే మరియా దె పెరెదా గారిని మన సంఘస్థులకు పరిచయము చేయుటయే మా ఉద్దేశము.

పెరెదా 1833 ఫిబ్రవరి 6న శాంతాందేర్ దాపున ఉన్న పొలాంకో అను పల్లెలో జన్మించారు. చాలామంది బిడ్డలున్న ఇంటిలో ఆయన కడగొట్టువాడు. వంశము పాతదేగాని ఆస్తి కొద్దిది. క్యూబా దీవికి పోయి సంపాదించుకొని వచ్చిన పెద్దన్నగారి ఆసరాతో ఇల్లు నిలద్రొక్కుకొన్నది. ఫిరంగిదళములో అధికారి కావలెనని 1852లో పెరెదాను మాద్రిద్ నగరమునకు పంపారు. లెక్కల చదువు ఆయనకు ఒంటబట్టలేదు. నాటకశాలలే ఆయనను లాగినవి. 1854లో అక్కడ చెలరేగిన విప్లవమును కళ్లారా చూచి, చదువు చాలించి ఇల్లు చేరారు. మరుసటి ఏడు తల్లి మరణించినది. ఆ ఏడే ఆయనకు కలరా సోకినది. కోలుకొనుటకు చాలాకాలము పట్టినది.

1858 నుండి ఆయన ఊరి పత్రికలకు చిన్న చిన్న రచనలు పంపసాగారు. వాటిలో కొన్నిటిని చేర్చి 1864లో "కొండసీమ దృశ్యములు" అను పుస్తకముగా వెలువరించారు. రేవులో తిరుగుతూ చిల్లర దొంగతనములు చేసే దిక్కులేని పిల్లలు, ప్రభుత్వము బలవంతముగా నౌకాదళములోనికి పట్టుకొనిపోయే జాలరులు, ఒడ్డున నిలబడి గోలుగోలున ఏడ్చే వారి భార్యలు, వీరందరు అందులో ఉన్నారు. ఇది కొందరు సీమవాసులకు రుచించలేదు. మన గుట్టు లోకమునకు చాటినాడని తప్పుపట్టారు. పీఠిక వ్రాసిన త్రుయేబా అను రచయిత సైతము, చీకటి పక్షమునే చూపినారని ఆ పీఠికలోనే నిష్ఠూరమాడారు. పెరెదా వెనుదీయలేదు. తన ఊరిని ప్రేమించువాడు ఊరి చింపిరి గుడ్డలను కూడ చూపవలెనని ఆయన నమ్మకము. 1871లో వచ్చిన రెండవ సంపుటములోను అదే దారి పట్టారు.

ఆయన కలము మీద బ్రతికినవారు కారు. కుటుంబమునకు సబ్బుల కర్మాగారము ఉండేది. ఆ వ్యవహారము చూచుకొంటూ, 1869లో వివాహము చేసుకొని, వేసవులు పొలాంకోలోను చలికాలములు శాంతాందేర్‌లోను గడిపేవారు. రాజకీయములలో పాత రాచరికమును, పాత మతాచారమును కోరిన కార్లిస్టు పక్షము ఆయనది. 1871లో ఆ పక్షము తరపున పార్లమెంటు సభ్యుడైనారు. ఆ అనుభవము ఆయనకు రోత పుట్టించినది. కొద్దికాలమునకే ఆ జోలి మానుకొని, డబ్బు చేసిన ఒక పల్లెటూరి సారాయి కొట్టువాడు ఎన్నికలలో నెగ్గి, ఆ మోజులో ఇల్లు గుల్ల చేసుకొనే కథ వ్రాశారు.

ఇక్కడ ఒక స్నేహమును గూర్చి చెప్పక తప్పదు. 1871లోనే ఆయనకు గాల్దోస్ అను నవలాకారునితో పరిచయము కలిగినది. గాల్దోస్ ఉదారవాది, మతాధికారుల పెత్తనమును ఎండగట్టినవాడు. ఆయన "గ్లోరియా" నవలకు జవాబుగా పెరెదా 1880లో తాను ఒక నవల వ్రాశారు. ఉత్తరములలో ఇద్దరును గట్టిగా వాదించుకొన్నారు. అయినను 1882లో పెరెదా గ్రామీణ నవల "నేలతల్లి రుచి"కి పీఠిక వ్రాసినది గాల్దోసే. 1885లో ఇద్దరు కలిసి పోర్చుగలు యాత్ర చేశారు. 1897 ఫిబ్రవరిలో పెరెదా రాజ అకాడమీలో ప్రవేశించి ప్రాంతీయ నవలను గూర్చి ప్రసంగించినప్పుడు సభలో స్వాగత ప్రసంగము చేసినదియు ఆయనే. ఒకరి విశ్వాసము ఒకరు మార్చలేదు. ఒకరి చేయి ఒకరు విడువలేదు. చిన్న అభిప్రాయభేదమునకే పలకరింపులు మానుకొనే మనకు ఇది చెంపపెట్టు కాదా!

"నేలతల్లి రుచి"లో కథకంటె పల్లెయే ముఖ్యము. ఇరుగుపొరుగు ఊళ్ల పంతములు, కోతలైన పిదప ఊరి పశువులన్నిటిని చేలలోనికి వదలే ఆచారము, దక్షిణపు గాలి చేసే బీభత్సము, అన్నియు కనుల ముందు నిలుస్తాయి. 1889 నాటి "లా పుచేరా" పేరునకు కూటికుండ అని అర్థము. కొంత పొలము దున్ని, కొంత చేపలు పట్టి ఆ కుండ నింపుకొనే తండ్రీకొడుకులు ఒకప్రక్క, వారి రక్తము పీల్చే వడ్డీ వ్యాపారి మరొకప్రక్క. గుప్తనిధికి ఆశపడి ఆ పిసినారి సముద్రపు కొండచరియల మీదనుండి పడి చస్తాడు.

1885 నాటి "సోతిలేసా" జాలరుల నవల. తల్లిదండ్రులు లేని ఒక బాలికను బీద జాలరి దంపతులు పెంచుకొంటారు. అందులో అపోలినార్ అను బీద గురువు ఉన్నాడు. మొరటు మాట, మెత్తని మనసు. ఒంటిమీది బట్ట కూడ వీధిపిల్లలకు ఇచ్చివేసే మనిషి. క్రైస్తవ ధర్మమును ప్రసంగముగా కాక మనిషిగా చూపుట అనగా ఇదియేనని మాకు తోస్తుంది.

తరువాత ఆయన "పెన్యాస్ అరీబా", అనగా కొండపైకి, అను నవల ప్రారంభించారు. అది సగములో ఉండగా 1893 సెప్టెంబరులో పెద్దకుమారుడు హువాన్ మనువేల్ తన ప్రాణము తానే తీసుకొన్నాడు. విశ్వాసియైన తండ్రికి అంతకుమించిన దెబ్బ ఏమి ఉండగలదు? కలము ఆగిపోయినది. చాలాకాలమునకు ఆయన మరల ఆ కాగితములు ముందు పెట్టుకొన్నారు. వ్రాత ఎక్కడ తెగిపోయినదో అక్కడ వ్రాతప్రతిలో ఒక సిలువ గుర్తును, తేదీని వేసి, దాని క్రిందనుండి కథను సాగించారు. 1895లో పుస్తకము వెలువడినప్పుడు దానిని ఆ కుమారుని స్మృతికే అంకితము చేశారు. కొడుకు పోయిన తీరునకు సిగ్గుపడి పేరు దాచలేదు.

ఆ నవలలో మాద్రిద్‌లో సుఖముగా పెరిగిన మార్సేలో అను యువకుడు, ముసలి బంధువు పిలుపు మీద కొండల నడుమనున్న తాబ్లాంకా గ్రామమునకు వస్తాడు. మొదట ఆ మంచు, ఆ ఒంటరితనము అతనికి చెరసాలవలె ఉంటాయి. ఊరి కష్టసుఖములను తన భుజాలమీద మోసే ఆ బంధువును, గురువును, యువ వైద్యుని చూచి క్రమముగా మారుతాడు. ఆ బంధువు మరణించిన పిమ్మట ఆ బరువు తానే ఎత్తుకొని అక్కడే స్థిరపడతాడు. ఈ ఊరికి మూలము తుదాంకా అను నిజమైన గ్రామమే. ఆ పాత ఇల్లు నేడు ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది.

కుమారుడు పోయిన రెండు నెలలకే, 1893 నవంబరు 3న, శాంతాందేర్ రేవులో 50 టన్నులకు పైగా డైనమైటు ఉన్న ఓడకు నిప్పంటుకొన్నది. చూడవచ్చిన జనము నడుమ అది ప్రేలి దాదాపు 600 మంది మరణించారు. ఆ ఘోరమునే 1896లో "పచీన్ గొన్సాలెస్" అను కథగా వ్రాశారు. అమెరికాకు ఓడ ఎక్కవచ్చిన ఒక పల్లెటూరి కుర్రవాడు ఆ శిథిలములలో తల్లిని వెదకుకొనే కథ అది. దాని తరువాత ఆయన మరి నవల వ్రాయలేదు. 1906 మార్చి 1న కన్నుమూశారు. పొలాంకోలోనే సమాధి చేశారు. 1911లో శాంతాందేర్‌లో ఆయనకు స్మారకము నెలకొల్పారు.

పెరెదాలో లోపములు లేవని మేము అనము. ఊరిపెద్ద ధర్మాత్ముడైతే ఊరంతా చల్లగా ఉంటుందని ఆయన నమ్మారు. ఊరిపెద్ద ధర్మము తప్పినప్పుడు పేదవానికి దిక్కెవరు అను ప్రశ్నకు ఆయన వద్ద చాలినంత జవాబు లేదు. కొత్తదంతా చెడ్డదనుకొన్న సందర్భములును ఉన్నవి. కాని పశువుల కాపరి మాటను, జాలరి భార్య తిట్టును, బీద గురువు దయను వ్రాతకు తగినవని గౌరవించి, వారి నుడికారములోనే వ్రాశారు. చదువుకొని పట్టణములు చేరిన మనలో ఎందరు తమ పల్లెను అంత శ్రద్ధగా చూచి ఉంటారు? మన ఊళ్లలో పెద్దలు ఇంకను జీవించి ఉండగానే వారి మాటలను, వారి కష్టములను వ్రాసి ఉంచుట మన యువజనులు ఇప్పుడే చేయదగిన పని.