డిచ్‌పల్లి డాక్టరమ్మ ఇసబెల్ కెర్

కుష్టు సోకిందని తెలిస్తే కన్నవారే గుమ్మం దాటించే రోజులవి. ఊరి బావి వద్దకు రానిచ్చేవారు కారు. సంతలో ఎవరూ దగ్గరకు తీసేవారు కారు. బిచ్చమెత్తుకొని బ్రతకడమొక్కటే దారి. అటువంటి కాలంలో నిజామాబాద్ జిల్లాకు వచ్చిన స్కాట్లండ్ వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్.

1875లో జన్మించిన ఆమె అబర్డీన్‌లో వైద్యవిద్య పూర్తి చేసి, 1903లో జార్జి కెర్‌ను వివాహమాడారు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున 1907లో ఆ దంపతులు నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో వైద్యం చేస్తుండగా కుష్టు రోగులకు తలదాచుకొనే చోటే లేదని గ్రహించి, 1911లో వారి కోసం ఒక ఆశ్రమాన్ని ప్రారంభించారు. అనతికాలంలోనే అది చాలకపోయింది. అప్పుడు ఆదుకున్న దాత క్రైస్తవుడు కాకపోవడం గమనార్హం. నిజామాబాద్‌కు చెందిన హిందూ ధనికుడు రాజా నర్సాగౌడ్ ఇచ్చిన భారీ విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్టు వైద్యాలయం వెలసింది.

యేసు కుష్టు రోగిని చేతితో తాకి స్వస్థపరచినట్లు సువార్తలో ఉన్నది. పౌలు గలతీయులకు వ్రాసిన లేఖలో ఆత్మఫలాలలో సాత్వికాన్ని ఒకటిగా చేర్చాడు. సాత్వికమంటే మెత్తని మాటలే అనుకొనేవారు ఎక్కువ. డిచ్‌పల్లిలో అది సూది మందు రూపంలో కనిపించింది. ఆ రోజులలో ఉన్న మందు హైడ్నోకార్పస్ గింజల నూనె ఒక్కటే. త్రాగితే కడుపులో త్రిప్పేది, సూదితో ఎక్కిస్తే నొప్పి. పైగా ఒకటి రెండు సార్లతో సరిపోదు, నెలల తరబడి సాగవలసిందే. ఇంజక్షను ఇవ్వాలంటే రోగిని పట్టుకోక తప్పదు. ఎవరూ ముట్టని మనిషిని పదే పదే ముట్టుకొని, నొప్పికి జంకి మానేయకుండా నిలుపుకోవడానికి ఎంత ఓర్పు కావాలో ఊహించవచ్చు. చావు వచ్చేదాకా దాచి ఉంచే ఆశ్రమంగా గాక, నయం చేసి పంపే ఆసుపత్రిగా ఆమె దానిని తీర్చిదిద్దారు. మచ్చలు అణగి ఇంటిముఖం పట్టినవారూ ఉన్నారు. అందరికీ ఆ భాగ్యం కలగలేదు. వ్యాధి ముదిరినవారిపై ఆ నూనె పెద్దగా పనిచేయలేదు.

1923లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. 1932లో ఆమె కన్నుమూశారు. కుష్టును నిజంగా లొంగదీసిన సల్ఫోన్ మందులు రోగులకు అందడం 1940 తరువాతనే మొదలైంది.