వోల్టా పట్టిన బురద గాలి

వోల్టా పేరు వినగానే మనకు ఫిజిక్సు పుస్తకంలోని బ్యాటరీ గుర్తుకొస్తుంది. కానీ మన గేదె త్రేన్పుల్లో వదిలే మీథేన్ వాయువును మొదట వేరుచేసి పరిశీలించినది కూడా ఆయనేనని చాలామందికి తెలియదు. అయితే అది ఆయనకు దొరికింది గేదె దగ్గర కాదు, సరస్సు బురదలో.

అలెస్సాండ్రో వోల్టా 1745 ఫిబ్రవరి 18న నేటి ఇటలీలోని కోమో పట్టణంలో జన్మించాడు. నాలుగేళ్ళ దాకా మాటలు రాకపోవడంతో ఇంట్లోవాళ్ళు మందమతి అనుకున్నారట. చిన్నతనంలోనే తండ్రి అప్పులు మిగిల్చి చనిపోయాడు. బంధువులు చేరదీసి చదివించారు. ఇతరుల నీడన ఉండి చదువుకోవడమంటే ఏమిటో మన హాస్టలు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. గురువులు మతాచార్యుడివి కమ్మన్నారు, బంధువులు వకీలువి కమ్మన్నారు. ఆయన మనసంతా విద్యుత్తు మీదనే. విశ్వవిద్యాలయంలో చదవకుండానే కోమో పాఠశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడయ్యాడు.

1776 నవంబరులో మజ్జోరె సరస్సు ఒడ్డున, అంజెరా దగ్గర కర్రతో బురదను కదిలించాడు. బుడగలు పైకి వచ్చాయి. నీళ్ళు నింపి బోర్లించిన సీసాలో వాటిని పట్టాడు. నిప్పు చూపితే ఆ గాలి నీలి మంటతో కాలింది. అప్పటికే తెలిసిన హైడ్రోజన్ కన్నా ఇది వేరని గ్రహించాడు. ఆ వివరాలు 1777లో లేఖల రూపంలో అచ్చయ్యాయి. కానీ దాన్ని తయారుచేసేది ఎవరో ఆయనకు తెలిసే అవకాశం లేదు. సూక్ష్మజీవుల శాస్త్రం ఇంకా పుట్టలేదు.

ఆవు, గేదె, మేక, గొర్రెల పెద్ద పొట్టలో కూడా ఆ బురదలోలాగే ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడి సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెట్టి పశువుకు శక్తినిచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ పనిలో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వెలువడతాయి. ఆర్కియా అనే జీవులు ఆ రెంటినీ కలిపి మీథేన్ చేస్తాయి. వీటిని చాలాకాలం బాక్టీరియాగానే లెక్కించారు, వేరే వర్గమని 1977లో తేలింది. గోబర్ గ్యాస్ ప్లాంటులో పనిచేసేవీ ఈ రకం జీవులే. హైడ్రోజన్ పేరుకుపోకుండా ఉండటం పశువుకు మంచిదే, కానీ తిన్న మేతలోని శక్తిలో 2 నుండి 12 శాతం ఇలా గాలిపాలవుతుంది. పేద రైతుకు అది పాలలో నష్టమే. పైగా వందేళ్ళ లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. అందుకే ఆ జీవులను అదుపు చేసే మేతల కోసం ఇప్పుడు ఎన్నో దేశాలలో పరిశోధనలు సాగుతున్నాయి.

వోల్టా తర్వాత పావియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1800లో బ్యాటరీని ప్రకటించాడు, మరుసటి ఏడు నెపోలియన్ ముందు ప్రదర్శించాడు. 1827 మార్చి 5న, 82 ఏళ్ళ వయసులో కోమోలోనే కన్నుమూశాడు. 1881లో విద్యుత్ కొలతకు ఆయన పేరు పెట్టారు.