ప్రాసతో చెలిమి చేసిన మహాకవి

శ్రీశ్రీ పేరు వినగానే విప్లవం, ఎర్రజెండా గుర్తుకు రావడం మామూలే. ఛందస్సు సంకెళ్లు తెంచినవాడని కూడా అంటారు. ఆ మాటలో నిజం సగమే. ఏ కొలికి ఎక్కడుందో క్షుణ్ణంగా తెలిసినవాడు గనుకనే తెంచగలిగారు.

శ్రీరంగం శ్రీనివాసరావు 1910 ఏప్రిల్ 30న విశాఖపట్నంలో జన్మించారు. తండ్రి వెంకటరమణయ్య గారు లెక్కల ఉపాధ్యాయులు. 1928లో, పద్దెనిమిదేళ్ల వయసులో, 'ప్రభవ' అచ్చయింది. అవి సంప్రదాయ పద్యాలే. 1931లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జంతుశాస్త్రంలో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. తర్వాత కాలేజీలో డిమాన్‌స్ట్రేటరు, పత్రికలో సబ్ ఎడిటరు... ఏ కొలువూ నిలకడగా సాగలేదు. మనలాగా సర్వీసు పూర్తి చేసి పెన్షను పుచ్చుకునే యోగం ఆయన జాతకంలో లేదు.

ఎక్కువగా 1930లలో రాసిన గేయాలు 1950లో 'మహాప్రస్థానం'గా వెలువడ్డాయి. వృత్తాలు వదిలేశారు గాని లయను వదల్లేదు. పాత పద్యంలో ప్రాస అంటే అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం కలవడం. ఈయన గేయాల్లో అది తరచు పాదం చివరికి చేరి అంత్యప్రాస అయింది. తెలుగులో అంత్యప్రాస పైకి చాలా సులువు. మాటలన్నీ ఇంచుమించు అచ్చులతో ముగుస్తాయి. క్రియలకూ విభక్తులకూ తోకలు ఒకటే. వచ్చాడు, ఇచ్చాడు, మెచ్చాడు అని ఎంతసేపైనా పోవచ్చు. ఆ సులువే అసలు ప్రమాదం. ప్రాస కోసం వచ్చిన మాట అర్థానికి అక్కరలేనిదైతే చెవికి ఇంపుగానే ఉంటుంది గాని మనసులో నిలవదు. శ్రీశ్రీ గేయంలో ఒక మాట తీసి మరొకటి పెట్టి చూడండి, నడక కుంటుపడుతుంది.

ఆ 1950లోనే ఆయన హిందీ 'నీరా ఔర్ నందా'ను తెలుగులో 'ఆహుతి'గా మార్చి మాటలు, పాటలు రాశారు. మన భాషలో మొదటి డబ్బింగు చిత్రం అది. డబ్బింగు పాటంటే బాణీ ముందే ఉంటుంది, తెరమీద పెదవులు ముందే కదిలి ఉంటాయి. పెదవులు మూసుకున్నచోట ప, బ, మ పడాలి. అర్థం చెడకూడదు, ప్రాస తప్పకూడదు. కవి పొట్టకూటికి దిగజారాడని పెదవి విరిచినవారున్నారు. నా మటుకు నాకు అది సాముగరిడీలాంటి విద్యే అనిపిస్తుంది. 1974లో 'అల్లూరి సీతారామరాజు'లోని పాటకు జాతీయ అవార్డు వచ్చాక ఆ విరుపులు కొంత తగ్గాయి.

ఇక సరదాకు చేసిన పని వేరు. 'ప్రాసక్రీడలు' రాశారు. ఐదు పాదాల ఇంగ్లీషు లిమరిక్కును తెలుగులోకి తెచ్చి, వేదంలోని ఋక్కును జోడించి 'లిమఋక్కులు' అని నామకరణం చేశారు. అన్నిటికన్నా విచిత్రం 'సిరిసిరిమువ్వ' శతకం. యతిప్రాసలు రెండూ తప్పనిసరైన కందపద్యాన్నే అందుకు ఎంచుకున్నారు.

1981లో 'మహాప్రస్థానం' ఆయన స్వదస్తూరీతో, ఆయన కంఠంతో సహా లండన్ నుంచి వెలువడింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1983 జూన్ 15న, మద్రాసులో కన్నుమూశారు.