ఎడ్వర్డ్ లారీ

ఎడ్వర్డ్ లారీ (1846 - 1915) హైదరాబాదు రాజ్యంలో పనిచేసిన బ్రిటిషు శస్త్రవైద్యుడు. ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన ఈయన హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగాను, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతిగాను పనిచేశాడు. 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదులో ఏర్పాటైన రెండు క్లోరోఫామ్ కమీషన్ల వలన ఈయన పేరు వైద్య చరిత్రలో నిలిచింది. మత్తులో ఉన్న రోగి విషయంలో నాడి కన్నా శ్వాసను గమనించడమే ముఖ్యమని ఈయన దృఢంగా వాదించాడు. ఆ వాదంలో ప్రధానమైన అంశం ఒకటి తరువాతి పరిశోధనలలో తప్పని తేలింది. అయితే కింది దవడను ముందుకు జరిపి శ్వాసమార్గాన్ని తెరవాలన్న కమీషన్ సూచన నేటికీ ఆచరణలో ఉన్నది. గురకకు, నిద్రలో శ్వాస ఆగిపోయే వ్యాధికి (స్లీప్ ఆప్నియా) దంతవైద్యులు చేసే చికిత్సకు కూడా ఇదే సూత్రం ఆధారం.

విద్య, నేపథ్యం

లారీ ఎడిన్‌బరోలో వైద్యవిద్య అభ్యసించాడు. అక్కడ ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ శిష్యరికం చేశాడు. 1847లో క్లోరోఫామ్‌ను శస్త్రచికిత్సకు, ప్రసవాలకు వాడుకలోకి తెచ్చిన జేమ్స్ యంగ్ సింప్సన్ కూడా ఎడిన్‌బరోకు చెందినవాడే. ఆ మరుసటి ఏడాదే, 1848లో, హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక కాలిగోరు తొలగించే చిన్న శస్త్రచికిత్స కోసం క్లోరోఫామ్ ఇవ్వగానే మరణించింది. ఇటువంటి మరణాలకు కారణం గుండె ఆగడమా, శ్వాస ఆగడమా అన్న వివాదం దశాబ్దాల పాటు సాగింది. శ్వాస సరిగా ఉన్నంతవరకు ప్రమాదం లేదన్నది సైమ్ బోధన. లారీ దానిని తు.చ. తప్పక పాటించాడు.

హైదరాబాదులో

లారీ 1885లో హైదరాబాదుకు వచ్చాడు. నేటి హైదరాబాదు, వరంగల్ ప్రాంతాలతో కూడిన ఆ రాజ్యాన్ని అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలిస్తున్నాడు. 1846లో స్థాపించబడిన హైదరాబాదు వైద్య పాఠశాలే తరువాతి కాలంలో ఉస్మానియా వైద్య కళాశాలగా మారింది. లారీ కాలంలో అక్కడ బోధనాభాష ఉర్దూ నుండి ఇంగ్లీషుకు మారింది, స్త్రీలకు ప్రవేశం లభించింది. ఈయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరు పొందింది.

క్లోరోఫామ్ కమీషన్లు

1888లో జరిగిన మొదటి కమీషన్ కుక్కలపై ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ వలన మొదట శ్వాస ఆగుతుందని, గుండె ఆ తరువాతనే ఆగుతుందని తేల్చింది. లండను నుండి వెలువడే లాన్సెట్ వైద్య పత్రిక ఈ ఫలితాన్ని శంకించింది. అప్పుడు లారీ కోరికపై నిజాం 1000 పౌండ్లు మంజూరు చేసి, లాన్సెట్ ఎంపిక చేసిన నిపుణుని హైదరాబాదుకు రప్పించాడు. ఆ విధంగా వచ్చినవాడు థామస్ లాడర్ బ్రంటన్. 1889లో జరిగిన రెండవ కమీషన్‌లో వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి. గుండెకే ప్రమాదమన్న అభిప్రాయంతో వచ్చిన బ్రంటన్ చివరకు లారీతో ఏకీభవించాడు. నివేదిక 1890లో లాన్సెట్‌లో ప్రచురితమైనది.

నివేదిక చివర వైద్యులకు కొన్ని ఆచరణ సూత్రాలు ఇచ్చారు. రోగిని పడుకోబెట్టి మత్తు ఇవ్వాలి. ఛాతీపై, మెడపై బట్టలు బిగుతుగా ఉండరాదు. శ్వాసకు ఆటంకం కలిగితే కింది దవడను ముందుకు లాగాలి, లేదా దవడ మూలల వెనుక నుండి ముందుకు నెట్టాలి. కింది పళ్ళు పై పళ్ళకు ముందుకు వచ్చేవరకు అలా జరపాలి. ఈ పద్ధతి లారీ కనిపెట్టినది కాదు. ఐరోపాలో హైబర్గ్, ఎస్మార్క్ 1870ల నాటికే దీనిని వివరించారు.

విమర్శలు

1893లో గాస్కెల్, షోర్ జరిపిన ప్రయోగాలలో క్లోరోఫామ్ గుండెను నేరుగా బలహీనపరుస్తుందని వెల్లడైనది. 1911లో గుడ్‌మన్ లెవీ, కొద్దిపాటి మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని పిల్లులపై ప్రయోగాల ద్వారా నిరూపించాడు. రోగి బాగా శ్వాసిస్తూ ఉండగానే మరణం సంభవించవచ్చునని దీనితో స్పష్టమైనది. గుండెకు భయం లేదన్న లారీ సిద్ధాంతాన్ని నమ్మి నాడిని విస్మరించడం రోగికి ప్రమాదకరమే. క్రమంగా క్లోరోఫామ్ వాడుక నుండి తొలగిపోయింది.

దవడ సూత్రం - నేటి ఉపయోగం

నాలుక కండరాలు కింది దవడకు అతుకబడి ఉంటాయి. మత్తులో గాని, గాఢనిద్రలో గాని కండరాలు సడలినపుడు నాలుక, మెత్తని అంగిలి వెనుకకు జారి గొంతు ఇరుకవుతుంది. గాలి ఆ ఇరుకులో కంపించడమే గురక. మార్గం పదేపదే పూర్తిగాగాని కొంతగాని మూసుకుపోవడం స్లీప్ ఆప్నియా. దవడను ముందుకు జరిపితే నాలుక కూడా ముందుకు వచ్చి దారి తెరుచుకుంటుంది.

చేతితో చేసే ఈ పనిని రాత్రంతా చేసే పరికరం దంతవైద్యుల వద్ద రూపుదిద్దుకున్నది. ఫ్రాన్సుకు చెందిన పియర్ రోబిన్ 1902లో మోనోబ్లాక్ అనే నోటి పరికరాన్ని రూపొందించాడు. 1984లో జర్మనీలో మయర్-ఎవర్ట్ స్లీప్ ఆప్నియా రోగుల కోసం తయారుచేయించిన పరికరానికి ఎస్మార్క్ పేరే పెట్టాడు. నేడు రోగి పళ్ళ అచ్చు తీసి, పై వరుసకు, కింది వరుసకు తొడుగులు చేసి, దవడను కొద్దికొద్దిగా ముందుకు జరుపుతారు. తొడుగు నిలవడానికి తగినన్ని గట్టి పళ్ళు ఉండాలి. దవడ కీలు నొప్పి, లాలాజలం ఎక్కువగా ఊరడం, కాలక్రమంలో పళ్ళ కలయిక మారడం దీని ఇబ్బందులు. 1981లో సల్లివాన్ ప్రవేశపెట్టిన గాలి ఒత్తిడి యంత్రం (సీపాప్) శ్వాస ఆటంకాలను ఇంకా ఎక్కువగా తగ్గిస్తుంది. దానిని భరించలేనివారికి, కేవలం గురక ఉన్నవారికి నోటి పరికరాన్ని సూచిస్తారు. ముందుగా నిద్ర పరీక్ష అవసరం.

మరణం

పదవీ విరమణ తరువాత లారీ ఇంగ్లండులో నివసించి 1915లో మరణించాడు. ఈయన పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 నాటి మూసీ వరదలలో ధ్వంసమైనది. తరువాత నిర్మించిన ఉస్మానియా ఆసుపత్రి దాని వారసురాలు.