కరెంటు తంత్రి మీద గమకం

ఫిబ్రవరి 28 మా పక్క సంగీతాభిమానులకు రెండు పండుగలు కలిసొచ్చే రోజు. 1919లో ఆ తేదీనే రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కళాశాలలో కూర్చుని ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ పాశ్చాత్య సంగీతం చదువుకున్న మనిషి. ఆ పాటకు అక్కడే ఆమె స్వరలిపి రాశారు. సరిగ్గా యాభై ఏళ్లకు, 1969 ఫిబ్రవరి 28న, పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ పుట్టారు. తూర్పు బాణీని పడమటి సాధనంతో పట్టుకోవాలన్న ప్రయత్నం ఒకటి మన మదనపల్లెలో జరిగిన తేదీనే, ఆ పనిని శిఖరానికి చేర్చినవాడు జన్మించాడు. సోమల, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల్లో ఆయన వాద్యాన్ని ప్రేమించే వాళ్లందరికీ జయంతి శుభాకాంక్షలు.

ఆయన మాట వస్తే చాలు, మా వాళ్లలో ఒక వాదం మొదలవుతుంది. ‘చిన్ననాడే మద్రాసును గెలిచినాడు, 1998లో పద్మశ్రీ ఇచ్చినారు, దేశదేశాలు తిరిగినాడు. ఇంకేం తక్కువైందిరా నాయనా?’ అంటారు పెద్దలు. ‘కచేరీ లెక్కలో తక్కువ కాలేదు మామా, గిటారు లెక్కలో తక్కువైంది’ అంటారు ఆర్కెస్ట్రాల్లో వాయించే కుర్రాళ్లు. ఈ వాదంలో నేను కుర్రాళ్ల పక్షం. శ్రీనివాస్‌ను బాలమేధావిగా, కర్ణాటక విద్వాంసుడిగా లోకం నెత్తిన పెట్టుకుంది. విద్యుత్ తంత్రీవాద్యానికి కొత్త గొంతు ఇచ్చినవాడిగా మాత్రం ఆయనకు రావలసిన పేరు ఇంకా పూర్తిగా రాలేదు.

ఆయన చేతికి వచ్చిన వాద్యం ఎలాంటిదో చూడండి. మాండలిన్ ఇటలీలో పెరిగింది. పొట్టి మెడ, మెట్లు, జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. మీటగానే మెరుస్తుంది, అంతలోనే కాలిన పెనం మీద నీటిబొట్టులా మాయమవుతుంది. సినిమా పాటలో ఒక తళుకుకు అది చాలు. తోడిలో గాంధారాన్ని ఊపాలంటే, శంకరాభరణంలో నిదానంగా నడవాలంటే నాదం నిలవాలి. జంట తీగలను పక్కకు లాగితే రెండూ ఒకే శ్రుతిలో ఉండవు. అందుకే ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జంటలు వదిలి, అయిదు ఒంటి తీగలతో వాయించారు. తీగ కింది పికప్‌లో అయస్కాంతం, రాగిచుట్ట ఉంటాయి. తీగ కంపించినప్పుడల్లా అక్కడ సన్నని విద్యుత్తు పుడుతుంది, ఆంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. చాలామంది కరెంటును శబ్దం పెద్దది చేసుకోవడానికి వాడతారు. శ్రీనివాస్ దానితో నాదానికి ఆయుష్షు పోశారు. గమకం నిలవడానికి చోటు దొరికింది అక్కడే.

జాజ్‌లోనూ ఇదే కథ జరిగింది. సాక్సోఫోన్లు, ట్రంపెట్ల హోరులో గిటారు చాలాకాలం లయకు తోడుగా వెనక వరసలో ఉండేది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ దానికి కరెంటు తగిలించి, సాక్సోఫోన్‌తో సమానంగా ఒక్కొక్క స్వరం పలికించాడు. పాతికేళ్లకే, 1942లో కన్నుమూశాడు. బ్లూస్ వాళ్లది మనకు మరీ దగ్గరి చుట్టరికం. బ్లూస్ గాయకుడి గాంధారం తరచూ మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. ఆ చోటును గిటారు మీద అందుకోవడానికి టీ-బోన్ వాకర్, బి.బి. కింగ్ తీగను పక్కకు లాగి పలికించారు. మన వైణికులు తరతరాలుగా చేస్తున్నదీ అదే పని. ఆ తర్వాతి తరంలో, 1960ల మొదట్లో బ్లూ నోట్ రికార్డింగ్ సంస్థకు విరివిగా వాయించిన గ్రాంట్ గ్రీన్ అనే ఎలక్ట్రిక్ గిటారిస్టు ఉన్నాడు. పనితనానికి తగిన పేరు రాలేదని జాజ్ అభిమానులు ఈనాటికీ అతని కోసం వాదిస్తారు. అలాంటి వాదం మన వాడి కోసం మనం కాక ఎవరు చేస్తారు?

ఇంకో సంగతి. శ్రీనివాస్‌కు కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజు గారు మాండలిన్ వాయించేవారు కాదు. గురువు పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. వేళ్ల పద్ధతి చూపేవారు లేకపోవడమే వరమైంది. గొంతులో విన్నదాన్ని తీగ మీద ఎలా తేవాలో తానే వెతుక్కున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లవాడు. ఇది పరాయి వాద్యమని సందేహించిన పెద్దలు సైతం విన్నాక అక్కున చేర్చుకున్నారు.

1983లో, పద్నాలుగేళ్ల వయసులో, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవ వేదిక ఎక్కారు. రాగాన్ని తనకు తానుగా పెంచుకుంటూ పోయే మనోధర్మం జాజ్ శ్రోతలకు పరాయిదిగా ఎందుకు అనిపిస్తుంది? వాళ్లు కొలిచేదీ దాన్నే కదా. 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ ఆల్బం చేశారు. ఆ తర్వాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నారు. మైల్స్ డేవిస్‌తో వాయించిన ఆ గిటారిస్టు ఎలక్ట్రిక్ తీగకూ, మన పాలకొల్లు ఎలక్ట్రిక్ తీగకూ మధ్య నడిచిన సంవాదం వినాలంటే 2000లో వచ్చిన ‘ది బిలీవర్’ పెట్టుకోండి. ఒకరు స్వరాలు విసిరితే ఇంకొకరు అందుకుంటారు. వేగంలో ఎవరూ తగ్గరు. కానీ వేగం ఆగినచోట, ఒకే స్వరాన్ని పట్టుకుని ఊపేటప్పుడు, శ్రీనివాస్ ఎవరో తెలుస్తుంది.

2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే, ఆయన చెన్నైలో వెళ్లిపోయారు. తమ్ముడు, శిష్యుడు యు. రాజేష్ ఆ వాద్యాన్ని ముందుకు నడుపుతున్నారు. మెక్‌లాఫ్లిన్ 2008 నాటి ‘ఫ్లోటింగ్ పాయింట్’ ఆల్బంలో వినిపించిన మాండలిన్ రాజేష్‌దే. ఈ జయంతి నాడు రాజేష్ గారికి మా ప్రాంతం తరఫున మనసారా అభినందనలు.

మా ఊళ్లలో గిటారు పట్టిన పిల్లలకు ఒక మాట. మీ చేతిలోది పడమటి వాద్యమని, మీ పాఠం తూర్పుదని తేడా పెట్టుకోకండి. ముందు పాడండి, పాడింది తీగ మీద వెతకండి. మదనపల్లె, పుంగనూరు కళాశాలలు వచ్చే ఫిబ్రవరి 28న ఠాగూర్, మార్గరెట్ కజిన్స్‌ల పక్కన శ్రీనివాస్ చిత్రపటాన్ని కూడా పెట్టి, పిల్లల చేత ఒక గిటారు కచేరీ చేయిస్తే ఈ తేదీకి నిజమైన గౌరవం దక్కుతుంది. ఉప్పలపు శ్రీనివాస్ గారి నాదానికి జయం, ఆ బాట పట్టే ప్రతి బిడ్డకూ శుభం!